ఇసుక నింపుడు

బల్లార్షా బాయిల నాది ఇసుక నింపే పని.
బొగ్గు తీసిన జాగలకు
వార్ధా ఇసుకను నీళ్లల్ల కలిపి పైపుల తోలుతం.
గోడ గోడ లెక్కనే ఉంటది.
మీద బజార్ల బండ్లు నడుస్తనే ఉంటయి.
లోపల బొగ్గు లేదన్న సంగతి
దిగినోనికే ఎరుక.

మా ఓంకార్‌కు తొమ్మిదేండ్లు.
వాని పిక్కలు జూసి మా మేనత్త లసుమవ్వ
"పైల్వానైతడురా" అని దిష్టి తీసింది.
ఆ పైల్వాను కింద కూసున్నడంటే
మోకాళ్లు పట్టుకొని, తొడలు పట్టుకొని
తన ఒంటినే నిచ్చెన చేసుకొని
తన మీద తనే ఎక్కి లేస్తడు.

ఏడాదికోపాలి చంద్రాపూర్.
వాని మొలతాడు బిళ్ల, నా బెల్టు, పొగాకు డబ్బి
అన్నీ తలుపు బయట.
వైశాలితాయి వాని చెవులల్ల దూది పెట్టి
"హలూ నకో బాళా" అన్నది.
కదలకురా, అని.
బడి మెట్ల కాడ, బస్సు కాడ
"జెల్ది నడువ్" అనిపించుకునేటోడు
ఈ ఒక్క జాగల
కదలనందుకు శభాష్ అనిపించుకుంటడు.

మిషిన్ మొత్తుకున్నది. నాకది డ్రిల్లు సప్పుడే.
నలభై నిమిషాలు
వాని కాలి బొటనవేలు పట్టుకొని నిలబడ్డ.

డాక్టర్ బోండే మేడం తెర మీద
తొడను అడ్డంగ కోసినట్టు చూపెట్టింది.
కోయలే. చుక్క నెత్తురు రాలే.
"నల్లగున్నది కండ. తెల్లగున్నది కొవ్వు.
కండ పోయిన కాడల్లా కొవ్వు నిండుతది.
అందుకే పైకి బలంగ కనబడుతడు."
ఇసుక నింపేటోనికి
ఇంకో మాట చెప్పే పని పడలే.

ఒక్కో కండ చుట్టూ మౌసుతోటి గీత గీసింది,
మా సర్వేయర్ బొగ్గు పిల్లర్లకు నంబరేసినట్టే.
నిరుడు నూటికి ఇరవై ఆరు తెలుపు.
ఈయేడు ముప్పై మూడు.
"నడక అట్లనే ఉన్నది గద మేడం,
అదే పది మీటర్లు, అవే ఆరు సెకండ్లు" అన్న.
"నడక ఆలస్యంగ చెప్తది.
ఇది ముందుగాల చెప్తది" అన్నది.

నిజమే. కప్పు కూలే ముందు
కింద పెట్టిన దిమ్మె కిర్రుమంటది.
ఆ కిర్రు వింటే మేం ఉరుకుతం.
వీడు
ఎక్కడికి ఉరకాలె?

తొడ లోపలి దిక్కు సన్నటి కండొకటి
ఇంకా బొగ్గు తీర్గ నల్లగ నిలబడ్డది.
"ఇది ఆఖరిదాక ఉంటది" అన్నది మేడం.
దాని పేరు అడిగిన. చెప్పింది.
బస్టాండు చేరేవరకు మరిచిపోయిన.

రాజేశ్వరి లోపలికి రాదు.
"తల్లి దిక్కునుంచి వస్తది" అని
మొదటేడు ఎవరో అన్న మాట
ఇంకా దాని గొంతులనే ఉన్నది.
గేటు కాడ కూసొని సంత్రాలు వలుస్తది,
తొన తొన మీది తెల్లటి నార
గోరుతోటి పీకి, పీకి.
"ఏమన్నది?" అనడగలే.
తొన నా చేతుల పెట్టింది.

బస్సుల మా ముందట ఇసుక లారీ,
తొవ్వ పొడుగునా నీళ్లు కార్సుకుంట.
ఓంకార్ కాలు నా ఒళ్లె ఉన్నది.
బొమ్మలల్ల వాని మొఖం లేదని అలిగిండు.
బాయి దిగంగనే కర్రతోటి కప్పును తట్టి
గట్టిదా, డొల్లదా అని చెవి పెట్టే అలవాటు నాది.
ఏం యాదిల ఉన్ననో,
వాని పిక్క మీద రెండు వేళ్లతోటి తట్టిన.

గొంతు మార్చి, లోపల్నుంచి పలికినట్టు
"ఎవరూ?" అన్నడు వాడు.

"నేనేరా" అన్న.
"బాపును."